టవర్ లేని ఎయిర్‌పోర్టులో స్కైడైవింగ్: పైలట్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఫ్లోరిడాలో కమర్షియల్ లైసెన్సు తీసుకుని వచ్చి, ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉండి డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలకు చదువుతున్నారు. వేసవిలో మళ్ళీ అమెరికా వెళ్ళి ఒక డ్రాప్ జోన్‌లో (స్కైడైవింగ్ కేంద్రంలో) సెస్నా 182 అనే చిన్న విమానం నడిపే అవకాశం వచ్చింది. అక్కడి ఎయిర్‌పోర్టుకు కంట్రోల్ టవర్ లేదు, ఆ ప్రాంతపు గగనతలాన్ని చూసే కంట్రోలర్ ఇంకెక్కడో ఉంటాడు. "కంట్రోలర్ అనుమతి ఇస్తాడు, డ్రాప్ జోన్ యజమాని సరే అంటాడు, దూకేవాళ్ళు కాగితాల మీద సంతకం పెట్టి తమ ఇష్టంతోనే దూకుతారు. మరి ఏదైనా జరిగితే పైలట్ బాధ్యత ఎంత?"

దాదాపు అంతా మీదే. యజమానికి, దూకేవాళ్ళకు వాళ్ళ వాటా వాళ్ళకు ఉంటుంది. కానీ వాళ్ళకు వాటా ఉన్నందువల్ల మీది తగ్గదు. నేను కొన్నేళ్ళు టెక్సాస్‌లో జంప్ విమానాలు నడిపాను. ఇప్పుడు బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ దగ్గర స్థిరపడి కుర్రాళ్ళకు విమానం నేర్పుతున్నాను. ఈ ఉద్యోగాన్ని గంటలు పోగుచేసుకునే సులువైన మార్గంగా చూసేవాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు చట్టం. అమెరికాలో పారాచూట్ కార్యకలాపాలకు పార్ట్ 105 అనే నిబంధనలు ఉన్నాయి. అందులో 105.5 సారాంశం ఇది: ఆకాశంలో తిరిగే విమానాలకు గాని, నేల మీది మనుషులకు, ఆస్తికి గాని ప్రమాదం తెచ్చేటట్టయితే ఎవరూ దూకకూడదు, పైలట్ దూకనివ్వకూడదు. ఆ రెండో భాగాన్ని రెండుసార్లు చదవండి. పార్ట్ 105లో ముఖ్యమైన చోటల్లా దాదాపు ఇదే వరస: దూకేవాడు చేయకూడదు, పైలట్ చేయనివ్వకూడదు. మద్యం మత్తులో ఉన్నట్టు కనిపించేవాణ్ణి దూకనిస్తే తప్పు మీది కూడా. దూకేవాడి వీపు మీద ఉన్న రిజర్వ్ పారాచూట్‌ను (మొదటిది పనిచేయకపోతే వాడేది) అర్హత గల రిగ్గర్, అంటే పారాచూట్లు మడిచే నిపుణుడు, మడిచి 180 రోజులు దాటిపోయినా, అతణ్ణి దూకనిచ్చినందుకు మిమ్మల్ని కూడా అడుగుతారు. చాలామంది కొత్త పైలట్లకు ఈ సంగతి తెలియదు. రిజర్వ్ తేదీ చూడటం డ్రాప్ జోన్ ఆఫీసు పని అనుకుంటారు. ఆఫీసు చూస్తుంది, నిజమే. వాళ్ళు ఎలా చూస్తున్నారో ఒకసారి మీరూ కూర్చుని పరిశీలించండి. ప్రతి లోడుకూ (ఒక విడతలో విమానం ఎక్కే జంపర్ల గుంపుకు) పది మంది సంచులు విప్పి చూడమని నేను అనడం లేదు.

ఇక కంట్రోలర్ అనుమతి. ఇక్కడే అందరూ పొరబడతారు. మొదటి జంపర్ దూకే ఎత్తులోని గగనతలం ఏ కంట్రోల్ కేంద్రం కిందికి వస్తుందో, ఆ కేంద్రంతో కనీసం 5 నిమిషాల ముందు రేడియో సంబంధం ఏర్పడాలి. దూకడం ముగిసిందని మీరు చెప్పేవరకు ఆ ఫ్రీక్వెన్సీ వింటూనే ఉండాలి. కంట్రోలర్ మీకు చెప్పేది తన తెర మీద కనిపిస్తున్న విమానాల గురించి మాత్రమే. టవర్ లేని ఎయిర్‌పోర్టు దగ్గర, వెయ్యి అడుగుల ఎత్తులో, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు తన ఉనికి తెలిపే పరికరం) లేని పాత పైపర్ కబ్ ఒకటి చుట్టూ తిరుగుతూ ఉంటే అది ఆ తెర మీదికి వస్తుందన్న హామీ ఏమీ లేదు. అలాంటి విమానంలో రేడియో ఉండాలన్న నియమం కూడా చాలాచోట్ల లేదు. కండక్టర్ "రైట్ రైట్" అన్నాడని అద్దం చూడకుండా బస్సు కదిపే డ్రైవరును మనం క్షమించం కదా. కంట్రోలర్ మాట కూడా అలాంటిదే. అది లేకుండా కదలకూడదు, అది ఉన్నంత మాత్రాన కదలకూడదు.

అమెరికాలో ప్రజలు వాడుకునే ఎయిర్‌పోర్టులు సుమారు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకు. మిగిలినవాటిలో ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పేవాడు లేడు. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో చెప్పుకుంటూ, ఒకరినొకరు చూసుకుంటూ దిగుతారు. స్కైడైవింగ్ కేంద్రాల్లో ఎక్కువ భాగం ఇలాంటి చోట్లే ఉంటాయి, ఎందుకంటే పెద్ద విమానాల రద్దీ ఉండదు, అద్దె తక్కువ. ఎయిర్‌పోర్టు యాజమాన్యం ముందస్తు అనుమతి తప్పనిసరి. యజమాని దగ్గర ఆ కాగితం ఉందో లేదో మొదటి రోజే చూడండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 13,500 అడుగుల్లో జంపర్లు దూకారనుకోండి. ఫ్రీఫాల్ నిమిషం చిల్లర, గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పడతారు. తర్వాత పారాచూట్ కింద ఐదారు నిమిషాలు. అంటే మీరు తలుపు దగ్గర "వెళ్ళండి" అన్న క్షణం నుంచి చివరి మనిషి నేల తాకేవరకు ఆరేడు నిమిషాలు. 120 నాట్ల (గంటకు 120 నాటికల్ మైళ్ళ) వేగంతో వచ్చే ఒక మామూలు చిన్న విమానం 6 నిమిషాల్లో 12 నాటికల్ మైళ్ళు వస్తుంది. మీరు దూకమన్నప్పుడు అది మీ కంటికి ఆననంత దూరంలో ఉంది. మీరు చూసింది నిజంగానే ఖాళీ ఆకాశం. కానీ అది అప్పటి ఆకాశం. అందుకే రేడియో ప్రకటనలు దూకే ముందు ఒక్కసారి చేస్తే సరిపోవు. ఐదు నిమిషాల ముందు, రెండు నిమిషాల ముందు, దూకిన వెంటనే, మీరు దిగుతున్నప్పుడు "పారాచూట్లు ఇంకా గాల్లో ఉన్నాయి" అని. ఊరి పేరు, మీ ఎత్తు, జంపర్లు ఎయిర్‌పోర్టుకు ఏ దిక్కున దిగుతారు, ఇంకెన్ని నిమిషాలు ఉంటారు, ఇవన్నీ మామూలు మాటల్లో చెప్పండి. "జంపర్లు వెళ్ళారు" అని పొడిగా అంటే, ఆ ఊరికి మొదటిసారి వస్తున్న విద్యార్థి పైలట్‌కు ఏమీ అర్థం కాదు.

రెండు రేడియోలు కావాలి. ఒకటి కంట్రోలర్‌కు, రెండోది స్థానిక ఫ్రీక్వెన్సీకి. ఒకే స్థానిక ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల నాలుగైదు ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి. ఆదివారం మధ్యాహ్నం 13,000 అడుగుల ఎత్తు నుంచి మీకు అందరి గొంతులూ వినిపిస్తాయి, ఒకరి మీద ఒకరు మాట్లాడుతుంటారు. మీ మాట కూడా మూడొంతులు ఇతరుల మాటల కింద అణిగిపోతుంది. అందుకే జవాబు వచ్చిందా లేదా అని చూసుకోవాలి. జవాబు రాలేదంటే ఎవరూ లేరని కాదు. కిందనున్న డ్రాప్ జోన్ మనిషి చేతిలో కూడా ఒక రేడియో ఉండాలి. రన్‌వే మీద కదులుతున్నది అతనికి మీ కన్నా బాగా కనిపిస్తుంది.

నిబంధనల పుస్తకంలో కనిపించని సంగతి ఒకటి చెప్తాను. జంప్ రన్‌లో, అంటే జంపర్లను వదలడానికి తిన్నగా ఎగిరే గీత మీద, ఉన్నప్పుడు జంపర్లు పడబోయే చోటు పైలట్‌కు కనిపించదు. మీ కాళ్ళ కిందే ఉంటుంది, మధ్యలో విమానపు అడుగుభాగం అడ్డం. కాబట్టి ఆ గీత మీదికి తిరిగే ముందే, రెక్క వాల్చి, ఎయిర్‌పోర్టు చుట్టూ, దాని సర్క్యూట్‌లో (దిగే విమానాలు రన్‌వే చుట్టూ తిరిగే దారిలో), కిందనున్న ఎత్తుల్లో ఏముందో చూసుకోవాలి. తలుపు తెరిచాక చూసే కళ్ళు జంపర్లవి. మొదట దూకేవాడు తల బయట పెట్టి నిట్టనిలువుగా కిందికి చూడాలి, గడ్డి మైదానం కోసం మాత్రమే కాదు, విమానాల కోసం. పైలట్ వెలిగించే పచ్చ దీపం వెలిగిందని కిందికి చూడకుండా దూకేవాళ్ళున్న చోట పనిచేయడం నాకు ఇష్టం ఉండేది కాదు. నా దృష్టిలో పచ్చ దీపానికి ఒకే అర్థం ఉంది: "నా వైపు నుంచి అభ్యంతరం లేదు, ఇక మీరు చూసుకోండి." ఎర్ర దీపానికి మాత్రం చర్చ లేదు. ఇంధనం ఖర్చయినా, ఇంకో చుట్టు తిరగవలసి వచ్చినా, దిగిపోవలసి వచ్చినా అంతే.

2014 మార్చిలో ఫ్లోరిడాలోని సౌత్ లేక్‌లాండ్ అనే చిన్న టవర్ లేని ఎయిర్‌పోర్టులో ఒక సెస్నా 170 దిగి మళ్ళీ లేచే అభ్యాసం చేస్తోంది. అదే సమయంలో ఒక జంపర్ పారాచూట్ కింద నేలకు దగ్గరవుతున్నాడు. విమానం ఆ పారాచూట్ తాళ్ళకు తగులుకుని ముక్కు నేలకు కొట్టుకుంది. ఇద్దరూ చిన్న గాయాలతో బయటపడ్డారు, ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఫోటోలు చూసినవాళ్ళు జంపర్‌నో సెస్నా పైలట్‌నో తిట్టుకున్నారు. నేనైతే దిగే స్థలం రన్‌వేకు ఎంత దూరం, రన్‌వేను పారాచూట్‌తో ఏ ఎత్తుకు తక్కువగా దాటకూడదు అన్నవి ముందు అడుగుతాను. చాలా డ్రాప్ జోన్లలో వెయ్యి అడుగుల దిగువన రన్‌వే దాటవద్దని పెడతారు. మీది ఆ మాట పాటించే చోటేనా? జంప్ రన్ ఏ దిక్కుగా వేయాలి, ఏ స్పాట్‌లో వదలాలి అన్నది మీ చేతిలో ఉంది కదా. గాలి లెక్క తప్పి ఎక్కడో వదిలితే, ఆ జంపర్లు రన్‌వే మీదుగానే తిరిగి రావాలి.

మేఘాల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో వాదనకు తావు లేదు. మేఘంలోకి గాని మేఘం గుండా గాని దూకనివ్వకూడదు. 10,000 అడుగుల లోపు 3 మైళ్ళ దృశ్యత ఉండాలి. మేఘానికి 500 అడుగుల కింద, 1,000 అడుగుల పైన, 2,000 అడుగుల పక్కన ఉండాలి. 10,000 నుంచి పైకి 5 మైళ్ళ దృశ్యత, మేఘానికి కింద పైన 1,000 అడుగులు, పక్కన ఒక మైలు. మూడు వారాల ముందు డబ్బు కట్టి, కుటుంబంతో నాలుగు గంటలు కారులో వచ్చిన టాండమ్ కస్టమర్లు (శిక్షకుడికి కట్టుకుని దూకేవాళ్ళు) కింద ఎదురుచూస్తున్నప్పుడు "అదిగో ఆ కన్నం చాలు" అనేవాడు తప్పక ఒకడుంటాడు. కన్నంలోంచి మీకు గడ్డి కనిపిస్తుంది. మేఘం కింద ఎగురుతున్న విమానం కనిపించదు. మేఘంతో మీకూ ప్రమాదమే. 2019 జూలైలో స్వీడన్‌లోని ఉమెయో దగ్గర స్కైడైవింగ్ విమానం కూలి 9 మంది చనిపోయారు. బరువు తోకవైపు మళ్ళిన విమానం, తగ్గిన వేగం, వాతావరణం, పైలట్ అనుభవానికి మించిన పనిభారం కలిసి అదుపు తప్పించాయని దర్యాప్తు సంస్థ తేల్చింది.

దూకడం అయిపోయాక పని ముగిసిందని అనుకోకండి. నాకు ఎక్కువ భయం ఆ తర్వాతి నాలుగు నిమిషాలంటేనే. యజమానికి విమానం వెంటనే కింద కావాలి, తర్వాతి లోడు సిద్ధంగా నిలబడి ఉంటుంది. మీరు ముక్కు దించి దిగుతారు. మొదట్లో జంపర్లు మీకన్నా వేగంగా పడతారు, పారాచూట్లు తెరుచుకున్నాక మీరు వాళ్ళను దాటి కిందికి వెళ్తారు. అంటే ఏదో ఒక ఎత్తులో మీరూ వాళ్ళూ ఒకే అంతస్తులో ఉంటారు. అందుకే దిగే దిక్కు ముందే నిర్ణయమై ఉండాలి, జంపర్లందరికీ అది తెలిసి ఉండాలి. గాలి వచ్చే వైపా, వెళ్ళే వైపా, రన్‌వేకు ఏ పక్క అన్నది నేల మీద ఉండగానే చెప్పుకోవాలి.

వింగ్‌సూట్ (చేతులకు, కాళ్ళకు మధ్య బట్ట రెక్కలున్న సూట్) వేసుకున్నవాళ్ళు ఉంటే మరీ జాగ్రత్త. వాళ్ళు కిందికి పడే బదులు అడ్డంగా, చాలా దూరం ఎగురుతారు. 2018లో ఫ్రాన్స్‌లోని బులోక్-అన్-కెర్సీలో వింగ్‌సూట్‌తో దూకిన ఒక వ్యక్తిని, అతణ్ణి వదిలిన పిలాటస్ విమానమే దిగుతూ రెక్కతో కొట్టింది, అతను అక్కడికక్కడే చనిపోయాడు. తన మార్గం సరైనదేనని పైలట్ వాదించాడు. 2024లో కోర్టు అతణ్ణి దోషిగా తేల్చి 12 నెలల సస్పెండెడ్ జైలు శిక్ష వేసింది. పైలట్‌కు, దూకేవాళ్ళకు మధ్య ముందస్తు సంభాషణ లేకపోవడం విచారణలో ముందుకు వచ్చింది. మీ ప్రశ్నలోని "సంతకం పెట్టి దూకుతారు" అన్న మాటకు ఇదే నా జవాబు. దూకడంలో ఉన్న ప్రమాదానికి వాళ్ళు సంతకం పెట్టారు. మీ రెక్కకు పెట్టలేదు.

సర్క్యూట్‌లో చేరేటప్పుడు మీకు ప్రత్యేక హక్కులేవీ లేవు. డౌన్‌విండ్‌లో (సర్క్యూట్‌లో రన్‌వేకు సమాంతరంగా వెళ్ళే భాగంలో) విద్యార్థి నెమ్మదిగా వెళ్తుంటే వాడి వెనకే వెళ్ళాలి. జంప్ విమానం నడిపేవాడు ఆ ఎయిర్‌పోర్టుకు రాజు అన్నట్టు ప్రవర్తించడం నేను చాలాచోట్ల చూశాను. దాంతో స్థానిక పైలట్లకు ఆ డ్రాప్ జోన్ అంటేనే ఒళ్ళుమంట. ఒళ్ళుమండినవాళ్ళు రేడియోలో సహకరించరు. ఆ నష్టం చివరికి పారాచూట్ కింద ఉన్నవాడిది.

విమానం సంగతికొస్తే, 182లో మనిషి బయటికి వచ్చి మెట్టు మీద నిలబడి రెక్కకు ఊతమిచ్చే స్ట్రట్ కడ్డీ పట్టుకుంటాడు. గాలి అడ్డు పెరుగుతుంది, వేగం పడిపోతుంది, బరువు పక్కకూ వెనక్కూ మారుతుంది. పెద్ద విమానాల్లో నలుగురైదుగురు తలుపు దగ్గర గుమికూడితే తోక బరువెక్కి స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దాకా వెళ్తుంది. ఒకేసారి ఎందరు తలుపు దగ్గర ఉండవచ్చో మీరు చెప్పాలి, వాళ్ళు వినాలి. సీటు బెల్టులు 1,500 అడుగుల వరకు తీయకూడదన్నది అక్కడ అందరూ పాటించే అలవాటు. మీరూ పట్టుబట్టండి.

మీకూ ఒక పారాచూట్ ఉండాలి. 2013 నవంబరులో విస్కాన్సిన్‌లోని సుపీరియర్ దగ్గర జంపర్లను మోస్తున్న రెండు సెస్నాలు పక్కపక్కన ఎగురుతూ గాల్లోనే ఢీకొన్నాయి. ముందు విమానం రెక్క విరిగిపోయింది. దాని పైలట్ తన పారాచూట్‌తో దూకి బతికాడు, రెండో పైలట్ దెబ్బతిన్న విమానాన్ని దించాడు, జంపర్లు 9 మందీ బతికారు. 2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని టల్లీ దగ్గర తలుపు బయట ఉన్న జంపర్ రిజర్వ్ హ్యాండిల్ విమానం రెక్క వెనక అంచున కదిలే ఫ్లాప్‌కు తగిలి, పారాచూట్ తెరుచుకుని తోకకు చుట్టుకుంది. అతను హుక్ కత్తితో తాళ్ళు కోసుకుని బయటపడ్డాడు, పైలట్ దెబ్బతిన్న తోకతోనే దించాడు. కాబట్టి తలుపు దగ్గరికి వెళ్ళేవాళ్ళు తమ హ్యాండిళ్ళు చూసుకున్నారా అని అడగడం చాదస్తం కాదు. ఒక హుక్ కత్తి మీ చేతికి అందేచోట కూడా ఉంచుకోండి.

ఇక అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2008లో ఈ రంగం మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. 1980 నుంచి పారాచూట్ విమానాలకు జరిగిన 32 ప్రమాదాల్లో 172 మంది చనిపోయారని, అందులో ఎక్కువ మంది జంపర్లేనని లెక్క చెప్పింది. కారణాలు చూస్తే కొత్తవి ఏవీ కనిపించవు. సరైన నిర్వహణ లేకపోవడం, బరువు లెక్క వేయకపోవడం, ఇంధనం చూసుకోకపోవడం, ప్రభుత్వ పర్యవేక్షణ పలచబడటం. పారాచూట్ తెరుచుకోక కాదు, విమానం ఎగరక చనిపోయారు. 1992లో కాలిఫోర్నియాలోని పెర్రిస్ వ్యాలీలో ఇంధనం కలుషితం కావడంతో మొదలైన ఇంజిన్ వైఫల్యం 16 మంది ప్రాణాలు తీసింది. 2019లో హవాయిలోని డిల్లింగ్‌హామ్‌లో, అదీ టవర్ లేనిదే, టేకాఫ్ అవుతూనే దూకుడుగా తిప్పిన కింగ్ ఎయిర్ విమానం కూలి 11 మంది చనిపోయారు. బరువు తగ్గించడానికి ఇంధనం కొద్దిగా పోయడం ఈ వృత్తిలో మామూలు. కొద్దిగా ఎంత అన్నది ప్రతి లోడుకూ మీ కళ్ళతో చూసి, పుల్లతో కొలిచి నిర్ణయించండి. "ఇంకొక్క లోడు వస్తుంది" అనే మాట వినకండి. తిరిగే ప్రొపెల్లర్ దగ్గరికి జంపర్లను ఎక్కించే పద్ధతి ఉంటే, వెనక నుంచి తీసుకొచ్చే మనిషి ఒకరు నిలబడితే తప్ప ఒప్పుకోవద్దు.

ఇదంతా అమెరికా సంగతి. తిరిగివచ్చి ఇక్కడ కూడా ఇదే పద్ధతిలో చేయవచ్చనుకోకండి. మన దేశంలో పారాచూట్‌తో దిగడానికి, అత్యవసరమైతే తప్ప, ప్రత్యేక అనుమతి కావాలి. 2022లో వచ్చిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో స్కైడైవింగ్‌ను చేర్చారు. హర్యానాలోని నార్నౌల్ లాంటి చోట్ల, అప్పుడప్పుడు మన పక్కనున్న మైసూరులో ఇది జరుగుతోంది. కానీ ఫ్లైట్ ప్లాన్ లేకుండా, వైమానిక రక్షణ విభాగం క్లియరెన్సు లేకుండా చిన్న విమానం కూడా లేవదు. జక్కూరు మీద నిలబడి చుట్టూ చూస్తే అర్థమవుతుంది, ఒక పక్క యెలహంక ఎయిర్ ఫోర్స్ స్టేషన్, ఇంకాస్త ఉత్తరాన కెంపెగౌడ విమానాశ్రయం. ఇక్కడ అడుగడుగునా ఎవరో ఒకరు మీకు చెప్తుంటారు. ఆ అలవాటుతో టవర్ లేని చోటికి వెళ్ళే మన కుర్రాళ్ళకు మొదట్లో ఒక ఇబ్బంది ఉంటుంది. ఎవరూ ఏమీ అనకపోతే అంతా బాగుందనుకుంటారు. అక్కడ ఎవరూ ఏమీ అనరు.

ఉద్యోగం ఒప్పుకునే ముందు యజమానిని ఇవి అడగండి. ఆ విమానంలో శిక్షణ ఎవరిస్తారు, ఎన్ని లోడ్లు పక్కన కూర్చోబెడతారు? బరువు లెక్కలో జంపర్ల సగటు బరువు రాస్తున్నారా, నిజంగా తూస్తున్నారా? మెయింటెనెన్స్ లాగ్ చూపిస్తారా? పైలట్ పారాచూట్ ఎవరిది, చివరిసారి ఎప్పుడు మడిచారు? మేఘం వల్ల లోడుతో తిరిగి దిగితే పైలట్‌కు ఆ లోడు డబ్బు ఇస్తారా? ఈ చివరి ప్రశ్నకు తడుముకుంటే మిగతా జవాబులు ఎంత బాగున్నా నేనైతే వెళ్ళను. లోడు లెక్కన డబ్బు తీసుకునే పైలట్‌కు ఎర్ర దీపం వెలిగించడం ప్రతిసారీ సొంత జేబుకు కోతే.

వాళ్ళు పంపిన 182 బరువుల పట్టిక మీ దగ్గర ఉంటే, ఆదివారం ఉదయం జక్కూరు వైపు రండి. నలుగురు జంపర్లు, అరట్యాంకు ఇంధనం, మెట్టు మీద ఒకడు, తలుపు దగ్గర ఇద్దరు. ఆ స్థితుల్లో సీజీ (విమానం బరువు కేంద్రం) ఎక్కడికి పోతుందో కాగితం మీద వేసి చూద్దాం. కాలిక్యులేటర్ మీరే తెచ్చుకోండి.